తుమ్మినంత సులువు

మే 13

భోజనం గంట. రజాయిలు కుట్టే షెడ్డులో అందరూ డబ్బాలు విప్పుకున్నారు. నాకేం చెయ్యాలో తోచక, మేనేజరు బయట పారేసిన పోయినేడాది డైరీ ఒకటి ఏరుకొచ్చి రాస్తున్నాను. వారాలు కలవవు. కలవకపోతే పోనీ, చదివేది నేనొక్కదాన్నే కదా.

నిన్న రిపోర్టు వచ్చింది. షుగరట. నాకు! "కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుందమ్మా. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. కంగారు పడకు" అంది డాక్టరమ్మ. ఆవిడకేం, పొద్దున్నుంచి సాయంత్రందాకా అందరికీ అదే మాట చెబుతుంది. మా ఇంట్లో షుగరంటే ఏమిటో ఆవిడ చూడలేదు. నేను పొద్దున్నే లేచి మొదట చూసేది అమ్మ ఎడమ పాదం. రెండు వేళ్ళు లేవు. మూడోదాని మొదట్లో పుండు. ఏడాదైనా మానదు. దాన్ని కడిగి, మందు అద్ది, కట్టు కట్టి, ఆ తరవాతే నా మొహం కడుక్కుంటాను. కళ్ళు కూడా సగం పోయాయి అమ్మకి. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. గొంతు వినాలి.

పైగా అమ్మ లావు మనిషి కాదు. చేతులు, కాళ్ళు పుల్లలు. పొట్ట ఒక్కటే ముందుకి. "ఇంత సన్నటిదానికి షుగరేమిటండీ" అని చూసిన ప్రతివాళ్ళూ అనేవాళ్ళే. తీపి తిని తెచ్చుకుంది, ఇంకేమిటి.

తల్లికి చక్కెర ఎక్కువైతే బిడ్డకి కడుపులోనే కొవ్వు పడుతుందట. అలాంటి పిల్లలకి పెద్దయ్యాక ఈ రోగం వచ్చే భయం ఎక్కువట. నర్సు చెప్పింది. ఇంకా ఏవేవో చెప్పింది, ఏం తినాలో, ఎప్పుడెప్పుడు తినాలో. నా బుర్ర అక్కడే ఆగిపోయింది. "మానెయ్యమనడం లేదమ్మా, మార్చుకోమంటున్నాం" అంది చివర్లో.

మార్చుకోవడం కన్నా మానెయ్యడమే తేలిక. నేను మొండిదాన్ని. నా బిడ్డ కాలికి ఎవరూ కట్టు కట్టకూడదు.

మే 15

నిన్న మీటరు ఇచ్చారు. వేలికి సూది గుచ్చి రక్తం చుక్క అద్దితే అంకె చూపిస్తుంది. మధ్యాహ్నం తిన్నాక చూస్తే నూట అరవై. ఏం తిన్నానని? పళ్లెం అన్నం, కూర, ఒక అరటిపండు. ఆ మాత్రానికే పోయి చెప్పేసింది. దీనికి చాడీలకోరు అని పేరు పెట్టాను.

ఇవాళ అన్నం మానేసి గుడ్డు తిన్నాను. నూట రెండు. చాడీలకోరు మొహం వాడిపోయింది.

మే 16

తొంభై ఆరు.

మే 17

పొద్దున్నేమీ తినలేదు. ఎనభై. తక్కువ మార్కులు వచ్చి సంతోషపడటం నాకిదే మొదటిసారి.

మే 20

పనిలో గొడవ. మేనేజరు వచ్చి, "రజాయికి గళ్ళు తగ్గించండి. రెండు వరసలు తక్కువ కుడితే సాయంత్రానికి ఇంకాసిని దిగుతాయి. దూది మాత్రం తగ్గించద్దు, తూకంలో దొరికిపోతాం" అన్నాడు. గళ్ళు కుట్టేది నేను. వాటిలో దూది కూరేది దూదక్క. ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. జుట్టులో దూది, కనుబొమల మీద దూది.

"గదులు తగ్గించి చుట్టాల్ని అంతమందినీ రమ్మంటే ఎక్కడ పడుకోబెట్టనయ్యా? వాకిట్లోనా?" అంది దూదక్క.

అందరం నవ్వాం. మేనేజరు నవ్వలేదు. గళ్ళు తగ్గించాం. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

భోజనం గంటలో దూదక్క నా వైపు చూసి, "నీ డబ్బా ఏదే పిల్లా?" అంది. టీ టైములోనే తినేశానన్నాను. ఈ డైరీ ఒకటి ఉండబట్టి సరిపోయింది. రాస్తూ కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు, ఏదో ముఖ్యమైన పనిలో ఉన్నాననుకుంటారు.

మే 24

ఆయన పాలూ, పళ్ళూ, గుడ్లూ మోసుకొచ్చారు. మూడు అంతస్తులు మోసుకుంటూ. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మెకానిక్కుకి సొంత కొంపలో లిఫ్టు లేదు. "ఇద్దరి కోసం తినాలి నువ్వు" అంటూ నా పళ్లెం ఆయనే వడ్డించారు. పక్కన అమ్మ, తన పళ్లెం ఒళ్ళో పెట్టుకుని. బల్లమీద పెట్టుకుంటే ఆమెకి చెయ్యి అందదు, చూపు అందదు.

అమ్మ తన పురాణం ఎత్తుకుంది. నేను పుట్టినప్పటినుంచీ వింటున్నదే.

"మా అమ్మ నన్ను తుమ్మినంత సులువుగా కన్నది నాయనా. పొయ్యిమీద నీళ్ళు మరిగేలోపల నేను చాపమీద ఉన్నాను. మంత్రసాని చేతులు కూడా కడుక్కోలేదు. అరచేతిలో పట్టానట. పక్కింటావిడ చూసి, పిల్లికూనని గుడ్డలో చుట్టారేమిటి అందట!"

"అంత చిన్నగానా అత్తయ్యా?"

"చిన్నగా పుట్టబట్టే కదా ఆవిడ బతికింది! మా అమ్మ తెలివైనది. నెలలు నిండుతున్నకొద్దీ తిండి తగ్గించుకుంటూ వచ్చింది. పిండికొద్దీ రొట్టె. బిడ్డ చిన్నదైతే తల్లికి సుఖం."

ఆయన పడీపడీ నవ్వి, నీళ్ళకోసం లేచారు. నా పళ్లెంలోది అమ్మ పళ్లెంలోకి తోశాను. షుగరున్నవాళ్ళకి ఎప్పుడూ ఆకలే, పాపం. రెండు ముద్దలు ఎక్కువ తింటే ఆమెకేమవుతుంది.

మే 27

తిన్నాను.

మే 28

తిన్నాను. అమ్మా నేనూ కలిసి.

జూన్ 3

ఆసుపత్రి. అక్కడ ఒక నర్సు ఉంది, ఎప్పుడూ నూనెలో ఆవాలు పడ్డట్టు మాట్లాడుతుంది. చిటపట అంటారు అందరూ. నా అంకెలు చూసి, వరసలో కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా, "ఇదిగో, ఇలా ఉండాలి! ఈమెని చూసి నేర్చుకోండి. మీకు చెబితే నోరు కట్టుకోరు, ఇక్కడికొచ్చి ఏడుస్తారు" అంది. పక్కనున్న లావుపాటి ఆవిడ తల దించుకుంది. నాకు జాలి వెయ్యలేదు. గర్వం కలిగింది. చిన్నప్పుడు బడిలో ఎన్నడూ నన్ను లేపి నిలబెట్టి పొగిడింది లేదు.

"బరువు పెరగలేదేం?" అంది బరువు మిషను చూస్తూ.

"మూడో అంతస్తండీ. ఎక్కడం, దిగడం."

సరే అని రాసుకుంది. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉందట, కనబడలేదు. కనబడకపోవడమే మంచిదయింది. అంటే, వెంటనే పనికి వచ్చెయ్యగలిగాను కదా, అందుకు.

జూన్ 9

అమ్మకి మూడువందల ఇరవై! నా మీటరుతోనే చూశాను. ఇంతవరకు రెండువందలు దాటనిది. కడిగిపారేశాను.

"దొంగతనంగా ఏం తింటున్నావమ్మా? డబ్బాలు వెతుక్కుంటున్నావా నేను పనికెళ్ళాక?"

"నువ్వు పెట్టిందే తింటున్నానే."

"అబద్ధాలొకటి! ఇలాగే తిని తిని వేళ్ళు పోగొట్టుకున్నావు. నన్ను చూడు, ఎలా నోరు కట్టుకున్నానో. నీకు ఆ పాటి బుద్ధి ఉంటే నీ కాలు నీకుండేది."

అమ్మ పుండున్న కాలు చీర కిందికి ముడుచుకుంది.

పెద్దవాళ్ళకి తిండి మీద యావ పోదు. ఆమెకి వడ్డించేటప్పుడు తగ్గించాలి నేను. తగ్గిస్తాను.

జూన్ 12

డెబ్భై ఎనిమిది.

జూన్ 17

మిషను ముందు కూర్చుని ఉండగా కళ్ళకి చీకట్లు కమ్మాయి. లేచేసరికి నేలమీద ఉన్నాను. దూదక్క ఒళ్ళో నా తల. ఎడమ చూపుడువేలి గోటిలోంచి మిషను సూది దిగి విరిగింది. దూదక్క చక్కెర నీళ్ళు నోట్లో పోస్తే ఉమ్మేశాను.

"తిని ఎన్నాళ్ళయిందే?"

"పొద్దున్న తినే వచ్చాను."

"నా ముందు కడుపులు దాచకు. ముగ్గుర్ని కన్నాను. నీకు ఏడో నెల దాటింది, ఎదురుగా నిలబడితే తప్ప కడుపుతో ఉన్నావని తెలియడం లేదు."

"మా వంశమే అంత. చిన్న పొట్టలు."

అలా అన్నాను కాని, అక్కలా చూసుకునే మనిషిమీద విసుక్కున్నందుకు మనసు బాగోలేదు. వేలు నొప్పి. ఆ చేత్తో ఇక చాడీలకోరుకి రక్తం ఇవ్వక్కర్లేదు, అదొక లాభం.

గళ్ళు తగ్గించిన రజాయిలు తిరిగి వస్తున్నాయి. రెండు రోజులు కప్పుకునేసరికి కుట్లు పిగిలి దూదంతా ఒక మూలకి గడ్డకట్టుకుపోయిందట. మేనేజరు దూదక్కని తిట్టాడు.

జూన్ 24

స్కాను. చీకటి గదిలో స్కాను చేసే అమ్మాయి నా పొట్టమీద గొట్టం చాలాసేపు తిప్పింది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ కొలిచింది. లేచి వెళ్ళి డాక్టరమ్మని తీసుకొచ్చింది. ఇద్దరూ తెరవైపు చూశారు, నావైపు చూడలేదు.

బిడ్డ తల సరిగానే ఉందట. పొట్ట చిన్నగా ఉందట. పోయిన నెలనుంచీ పెద్దగా ఎదగలేదట.

"తింటున్నావామ్మా?"

"తింటున్నానండీ."

"మూత్రంలో తేడా కనిపిస్తోంది. తిండి లేనప్పుడు ఒళ్ళు తన కొవ్వు తానే తింటుంది, దాని గుర్తులు. నిజం చెప్పు."

"నా అంకెలు చూడండి డాక్టరమ్మా. ఒక్కటైనా ఎక్కువుందా?"

"ఎక్కువ లేదు. అదే నా భయం. వచ్చేటప్పుడు మీవారిని తీసుకురా."

అంకెలు బాగుంటే భయమేమిటి? ఈ పెద్ద చదువులవాళ్ళకి ఎలా ఉన్నా తప్పే. ఆయనకి చెప్పలేదు. చెబుతాను.

జూలై 1

వెళ్ళాం ఇద్దరం. ఆయన తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు కూర్చున్నారు.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. రాసుకుంటున్నాను, మర్చిపోకుండా.

"కొవ్వంటే అందరికీ చెడ్డపేరే. కాని కొవ్వుని దాచుకునే కణాలు బిడ్డకి కావాలి. అవి తల్లి కడుపులోనే మొదలవుతాయి, ఈ చివరి నెలల్లోనే నిండుతాయి. తల్లికి చక్కెర మరీ ఎక్కువైతే అవి మితిమీరుతాయి. అదీ ప్రమాదమే. తల్లి కడుపు మాడ్చుకుంటే సరిగా ఏర్పడవు. పుట్టాక ఆ బిడ్డ కూడా మనందరిలాగే తింటుంది కదా. తిన్నది దాచడానికి చర్మం కింద చోటు చాలదు. అప్పుడు ఆ కొవ్వు వెళ్ళకూడని చోటికి వెళుతుంది. కాలేయంలోకి, కండల్లోకి. షుగర్ మొదలయ్యేది అక్కడే. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, పొట్ట మాత్రం ముందుకి. అలాంటివాళ్ళని చూసే ఉంటారు."

చూశాను. పొద్దున్న కట్టు కట్టే వచ్చాను.

గదులు తగ్గించి చుట్టాల్ని రమ్మంటే ఎక్కడ పడుకోబెట్టనయ్యా. దూదక్క మాట అదొక్కటే వినబడుతోంది నాకు. గళ్ళు కుట్టేది నేను. నేనే.

"ఇంట్లో ఎవరికైనా ఉందా షుగర్?" అంది డాక్టరమ్మ.

"మా అత్తగారికండీ" అన్నారు ఆయన.

"ఆవిడ పుట్టినప్పుడు ఎలా ఉండేవారో ఏమైనా తెలుసా?"

ఆయన మొహం వెలిగిపోయింది. తెలిసిన ప్రశ్న వచ్చింది కదా. "బాగా తెలుసండీ! వాళ్ళమ్మగారు తుమ్మినంత సులువుగా కన్నారట. అరచేతిలో పట్టేవారట. పిల్లికూన అనుకున్నారట..." అంటూ నవ్వబోయారు. డాక్టరమ్మ నవ్వలేదు. ఆయన నావైపు తిరిగి నన్ను చూశారు. ఆ చూపు నా పొట్టమీద ఆగింది.

"అందువల్లే వచ్చిందని నేననను. ఎన్నో కారణాలుంటాయి. కాని అదీ ఒకటి" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఆయన మెట్లదగ్గర ఆగి, "రోజూ నేనే వడ్డించానే. ఖాళీ అయిందే పళ్లెం" అన్నారు.

నేను పైకి ఎక్కాను.

జూలై 2

ఇవాల్టినుంచి తింటాను.

తిన్నాను. సగం. నూట యాభై ఒకటి. ఆ అంకె చూడగానే బాత్రూములోకి వెళ్ళి గొంతులో వేలు పెట్టుకున్నాను.

జూలై 3

రేపటినుంచి.

జూలై 5

ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కో ముద్దా లెక్కపెడుతున్నారు. ముద్ద నోట్లో తిరుగుతుంది కాని దిగదు. తింటే చక్కెర బిడ్డకి పోతుంది, తినకపోతే బిడ్డ ఎదగదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఎన్నిసార్లు ఊరికే అనేశాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు నిలబడితే తెలుస్తోంది మధ్యలో చోటు ఎంత ఇరుకో.

మధ్యలో నడిచేవాళ్ళున్నారట. ఆ వరసలో తల దించుకున్న లావుపాటి ఆవిడ ఇప్పుడు బాగుందట. చెప్పినట్టు తింటుందట, అంతే. చిటపట చెప్పింది. నాతో మెల్లగా మాట్లాడుతోంది ఈమధ్య.

జూలై 9

ఆసుపత్రిలోంచి. పై అంతస్తులో, కాన్పుల వార్డులో నన్ను పెట్టుకున్నారు. కింద అంతస్తులో అమ్మ.

నాకు తల తిరుగుతోందని రెండు రోజులు అమ్మ కట్టు విప్పలేదు నేను. ఆమె అడగలేదు. మూడో రోజు గది తలుపు తీస్తే వాసన. విప్పి చూశాను. మూడో వేలే కాదు, పాదం సగందాకా నల్లబడింది.

"చెప్పొచ్చు కదమ్మా!"

"నీకే ఓపిక లేదు కదే, ఎందుకులే అని."

ఆయన ఆమెని వీపున మోసుకుని మూడు అంతస్తులూ దించారు. వెనకాల నేను గోడ పట్టుకుని దిగాను. ఇద్దర్నీ ఉంచేసుకున్నారు.

జూలై 10

నర్సు చక్రాల కుర్చీలో నన్ను కిందికి తీసుకెళ్ళింది, ఆపరేషన్‌కి ముందు అమ్మని చూడటానికి. మోకాలి కిందనుంచి తీసేస్తారట. షుగర్ ఇన్నాళ్ళు అంత ఎక్కువ ఎందుకుందని అక్కడి డాక్టరు అడుగుతున్నాడట. అమ్మ ఏమీ చెప్పలేదట.

నర్సు పక్కకి వెళ్ళాక నేనే అడిగాను. అడగకపోతే పోయేది.

"అమ్మా, నీ పళ్లెంలో ఎక్కువుండేదని నీకు తెలుసా?"

"కళ్ళు పోయాయి కాని బరువు తెలియకుండా పోలేదే. ఒళ్ళో పెట్టుకుని తింటాను కదా. అల్లుడు లేవగానే పళ్లెం బరువెక్కేది."

"తెలిసి ఎందుకు తిన్నావు? నేను తిట్టినరోజైనా చెప్పలేదేం?"

"ఎలా చెప్పనే? పళ్లెంలో మిగిలితే అల్లుడు గొడవ చేస్తాడు. నువ్వూ మా అమ్మలాగే తెలివిగా తగ్గించుకుంటున్నావనుకున్నాను. నీ కాన్పు సులువు కావాలని తిన్నాను. నాదేముంది, ఎప్పుడో ఒకప్పుడు పోయే కాలు."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆమె మీద, నా మీద, ఎన్నడూ చూడని ఆ అమ్మమ్మ మీద. ముగ్గురం ప్రేమతోనే చేశాం. అదే కోపం నాకు. ఎవరైనా ఒక్కరు చెడ్డవాళ్ళైనా ఉంటే వాళ్ళని తిట్టుకునేదాన్ని.

జూలై 11

కాలు తీసేశారు. బాగానే ఉందట. ఆయన పైకీ కిందికీ తిరుగుతున్నారు. "లిఫ్టులు బాగుచెయ్యడమే కాని, ఇన్నిసార్లు ఎక్కడం ఇదే మొదలు" అన్నారు. నవ్వించడానికి అన్నారు. నవ్వాను.

ఇక్కడ సూదితో మందిస్తున్నారు, దానితోపాటు తిండి పెడుతున్నారు. ఆ మందు ఉంటే తినొచ్చట, అంకె పెరగదట. మొదటే చెప్పి ఉంటే బాగుండేది అన్నాను చిటపటతో. "అడిగితే చెప్పేవాళ్ళం. నీ అంకెలు చూసి నేనే మోసపోయాను" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు.

జూలై 18

కడుపులో కదలికలు తగ్గాయి. ఇక లోపల ఉంచడం కన్నా బయటికి తియ్యడమే మేలంటున్నారు. రేపు నొప్పులు తెప్పిస్తారట.

జూలై 20

ఆడపిల్ల.

నొప్పులు మొదలైన కాసేపటికే. పక్క మంచంమీదావిడ నిన్నటినుంచి అరుస్తోంది, ఇంకా అరుస్తూనే ఉంది. నాకు నాలుగు నొప్పులు గట్టిగా వచ్చాయి, ఐదోదానికి పిల్ల వచ్చేసింది. డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుంటూనే ఉంది.

ఎవరో కొత్త నర్సు, నా సంగతేమీ తెలియనిది, నా నుదురు తుడుస్తూ, "ఎంత అదృష్టవంతురాలివమ్మా! తుమ్మినంత సులువుగా అయిపోయింది" అంది.

అప్పుడు ఏడ్చాను. ఆమె సంతోషం అనుకుంది.

జూలై 21

రెండు కిలోలు కూడా లేదు. గాజుపెట్టెలో ఉంది. తొడలమీద చర్మం ముడతలు. బుగ్గలు లేవు. పెద్ద లాగూ వేసుకున్న పిల్లలా తన చర్మంలో తాను వదులుగా ఉంది. కళ్ళు మాత్రం తెరిచి, అందర్నీ జవాబు అడుగుతున్నట్టు చూస్తోంది.

డాక్టరమ్మ వచ్చి నా మంచంమీద కూర్చుంది. "రాసిపెట్టి ఉందని నేననడం లేదు. ప్రమాదం ఎక్కువంటున్నాను, అంతే. నీ పాలు పట్టు. తొందరపడి బొద్దుగా చెయ్యాలని చూడకండి, నిదానంగా ఎదగనివ్వండి. పెద్దయ్యేదాకా కనిపెట్టి ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

జూలై 23

దూదక్క వచ్చింది, దూదితో సహా. చంకలో చిన్న రజాయి, అరచేయంత గళ్ళు, దగ్గరదగ్గరగా. "గళ్ళు కూడా నేనే కుట్టానే. వంకరగా ఉన్నాయి, తక్కువ మాత్రం లేవు" అంది. ఏ సంగతీ ఆమెకి చెప్పలేదు నేను. ఏదో తోచి కుట్టింది, అంతే. దానిమీద మొహం పెట్టుకుని చాలాసేపు ఉన్నాను.

జూలై 25

ఇవాళ పాపని పెట్టెలోంచి తీసి నాకిచ్చారు. ఆయన వెంటనే కిందికి పరిగెత్తారు, అమ్మని తీసుకురావడానికి.

చక్రాల కుర్చీలో వచ్చింది. ఒళ్ళో దుప్పటి. ఎడమవైపు దుప్పటి చదునుగా ఉంది. పాపని ఆమె రెండు చేతుల్లో పెట్టాను. కనబడదు కదా, వేళ్ళతో చూసుకుంది. ముందు తల, తరవాత వీపు, తరవాత పుల్లల్లాంటి కాళ్ళు. పాదాలు రెండూ దొరకగానే వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"సులువుగా అయిందా తల్లీ?"

"అయిందమ్మా."

"నేను చెప్పలేదూ!" అంది. మొహం నిండా నవ్వు. ఇన్నాళ్ళలో అలా నవ్వడం చూడలేదు. పాపని అరచేతిలో నిలబెట్టినట్టు పట్టుకుని, ఆయన గొంతు వచ్చినవైపు తిరిగింది. "చూశావా నాయనా? అరచేతిలో పట్టింది. తల్లి పోలికా కాదు, తండ్రి పోలికా కాదు. ఇది అచ్చం నేనే!"

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"అవునమ్మా" అన్నాను. "అచ్చం నువ్వే."

జూలై 26

భోజనం గంట. పళ్లెం వచ్చింది. అన్నం, కూర, గుడ్డు, పెరుగు. తల్లి తింటేనే పాలట. పక్కకి చూశాను, అలవాటుగా. తోసెయ్యడానికి పక్కన ఎవరి పళ్లెమూ లేదు.

తిన్నాను. ఈ మాట ఈ డైరీలో ఇదివరకూ రాశాను. నిజంగా రాయడం ఇదే మొదలు.